గరిటె పట్టుకున్న రాయబారి

మొన్న ఆదివారం అక్క కూతురు పట్టుబట్టి నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమాకు తీసుకెళ్ళింది. ఒక రాయబారి జీవితకథ. పరాయి దేశంలో చిక్కుకున్న మనవాళ్ళను ఆయన కేవలం మాటలతో సరిహద్దు దాటించి ఇంటికి చేరుస్తాడు. కత్తి లేదు, తుపాకి లేదు, డ్యూయెట్ అసలే లేదు. నల్లకోటు వేసుకుని, బానెట్ మీద చిన్న జెండా ఎగిరే కారులో కూర్చుని, ఒక్కో చెక్‌పోస్టు దగ్గర అద్దం దించి నెమ్మదిగా మాట్లాడతాడంతే. ఆ కారు ఆగిన ప్రతిసారీ నేను సీటు అంచుకు జరిగాను. పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక్క గింజ ముట్టలేదు. "పిన్నీ, అది సినిమా. ఆయన గెలవకపోతే సినిమా ఎందుకు తీస్తారు?" అంది పిల్ల. నిజమే. కానీ నాకు తెరమీద మా నాన్న పాత తెల్లకారే కనిపిస్తోంది.

అవి ఉద్యమం రోజులు. మేము కొత్తపేటలో ఒక ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. గాలి ఇటు తిరిగితే పండ్ల మార్కెట్టు నుంచి బత్తాయిల వాసన వచ్చేది. బందు రోజుల్లో ఆ బత్తాయిలే కుళ్ళిన వాసన. నాన్న ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. బెజవాడ నుంచి వచ్చి ఎన్నాళ్ళయినా ఆయన మాటలో "అండీ" పోలేదు, కారు నంబరూ మారలేదు. కింద వాటాలో ఓనర్ ఆంటీ ఉండేది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, భర్త పోయాక ఇంటినీ ఇద్దరు కొడుకులనూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. నీళ్ళ మోటారు దగ్గర ఆవిడ గొంతు లేచిందంటే వీధికుక్క కూడా పక్కకు జరిగేది. ఒకరోజు ఆవిడ అమ్మను, "రాష్ట్రం ఒస్తె మీరు పోతరా అక్కా, ఉంటరా?" అని అడిగింది. అమ్మ దాన్ని ఇల్లు ఖాళీ చెయ్యమనడంగా తీసుకుంది. ఆనాటి నుంచి మాటలు బంద్. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ గోడకేసి చూసేవారు. సరిగ్గా అప్పుడే అక్క పురిటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. నొప్పులు ఎప్పుడొస్తాయో, ఆ రోజు బందు ఉంటుందో ఉండదో. అమ్మ పొద్దున్నే పేపరులో బందు వార్త చూశాకే పాలు కాచేది.

నాన్న భయం ఇంకో దారి పట్టింది. అప్పట్లో ఉద్యమకారులు బండ్ల నంబరు ప్లేటు మీద ఏపీ తీసేసి టీజీ అని రాసుకునేవారు. నాన్న కూడా ఎర్ర స్టిక్కర్లు కొనుక్కొచ్చి కారు ముందూ వెనకా అతికించారు. అతికించి, వెనక్కి జరిగి తృప్తిగా చూసుకున్నారు. ఊరందరి పిల్లలకూ లెక్కలు నేర్పిన మనిషి అక్షరాలు మార్చి అంకెలు మరిచిపోయారు. టీజీ 16. పదహారంటే కృష్ణాజిల్లా అని సందు మొగలోని పాన్‌డబ్బా అతనికి కూడా తెలుసు. మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. భయంలో బుర్ర పనిచెయ్యదంటారు, మా ఇంటిల్లిపాదికీ ఒకేసారి ఆగిపోయింది.

నొప్పులు రానే వచ్చాయి, బందు రోజే. ఆటో లేదు, బస్సు లేదు. డాక్టరమ్మేమో ఎల్బీనగర్‌లో. బిడ్డ అడ్డం తిరిగింది, నొప్పులు మొదలైతే ఆలస్యం చెయ్యొద్దని ఆవిడ ముందే హెచ్చరించింది. కారు వెనక సీట్లో అక్క అమ్మ భుజాన్ని పళ్ళతో పట్టుకుంది. మెయిన్ రోడ్డు ఎక్కేసరికి అడ్డంగా వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతులుగా కూర్చుని తినే నిరసన అది. కట్టెల పొగ, ఉడుకుతున్న అన్నం వాసన, డప్పుల మోత. పడుచువాళ్ళు కారు చుట్టూ మూగారు. ఒకతను ప్లేటు చూసి నవ్వాడు. పక్కనున్నతను నవ్వలేదు. "బెజవాడ బండికి టీజీ ఏందయ్యా? ఎవల్ని బనాయిస్తున్నవ్?" అన్నాడు. నాన్న అద్దం దించి, "అబ్బే, అదేంటంటేనండీ..." అన్నారు. ఉన్న కాస్త ముసుగూ పోయింది. అతను బానెట్ మీద గట్టిగా చరిచాడు. అక్క కేక పెట్టింది.

పొగలోంచి ఓనర్ ఆంటీ వచ్చింది, చేతిలో అన్నం గరిటె. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇక మన పని అయిపోయింది అన్నట్టు. ఆంటీ ముందుగా నాన్ననే తిట్టింది. "ఏం సారూ, పిల్లలకు లెక్కలు జెప్తవ్, గీ లెక్క తెల్వదా? భయపడి అతికించిన టీజీ మాకెందుకు? నీ స్టిక్కర్‌తోని తెలంగాణ ఒస్తదా?" ఆ కుర్రాళ్ళు తిట్టాలనుకున్నవన్నీ ఆవిడే తిట్టేసింది, వాళ్ళకేమీ మిగల్లేదు. వంగి, గోటితో స్టిక్కరు పీకి పారేసింది. తర్వాత బానెట్ చరిచిన అతని వైపు తిరిగి గొంతు తగ్గించింది. "బిడ్డా, గా పిల్ల నా ఇంట్లనే ఉంటది. నొప్పులు పడే పిల్లను ఆపినమంటె రేపు మన మాట ఎవలు ఇంటరు? నువ్వే జర ముంగటుండి తొవ్వ ఇప్పియ్యి." చరిచినతనే దగ్గరుండి పొయ్యిలు జరిపించాడు. ఆంటీ ముందు సీట్లో ఎక్కింది. "అన్నం దించున్రి, అడుగంటుతది" అని వాళ్ళకు చెప్పి గరిటెతో సహా కూర్చుంది. ఎల్బీనగర్ దాకా ఆపినచోటల్లా ఆ గరిటె కిటికీలోంచి బయటికి వచ్చేది. ఒకచోట గద్దించింది, ఒకచోట బతిమాలింది, ఒకచోట "నువ్వు ఎవల కొడుకువు?" అని అడిగి చుట్టరికం తీసింది. సినిమాలో ఆయనకు జెండా ఉంది, మాకు మెతుకులంటిన గరిటె.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "మీరు మమ్మల్ని పొమ్మన్నారనుకున్నానండీ" అంది. "పోతరేమోనని పరేషానయి అడిగిన అక్కా. మీరు పోతె మోటర్ కాడ లొల్లి ఎవలతోని పెట్టుకోవాలె?" అంది ఆంటీ. అప్పుడే లోపల పిల్ల ఏడ్చింది. ఆ పిల్లే మొన్న నా పక్కన కూర్చుని నా పాప్‌కార్న్ కూడా తినేసింది.

సినిమా అయ్యాక సెల్లారులోకి దిగాం. ఎదురుగా ఒక కారు వెనక్కి వస్తోంది. టీజీ 16. దాని దారిలోనే ఆగి ఆ ప్లేటు మళ్ళీ చదివాను. రాష్ట్రం వచ్చింది, కొత్త లెక్కలో పదహారు నిజామాబాదుకు పోయింది, మొదట టీఎస్ అని పెట్టిన అక్షరాలు కూడా ఈమధ్య టీజీ అయ్యాయి. నాన్న లేరు, ఓనర్ ఆంటీ కూడా లేదు. "తెలిసినవాళ్ళ కారా పిన్నీ?" అంది పిల్ల. "మీ తాతయ్య నంబరు" అన్నాను. లోపలాయన అద్దం దించి, "జర పక్కకు జరుగుతరా అమ్మా" అన్నాడు. జరిగాను. కారు ర్యాంపు ఎక్కి వెళ్ళిపోయింది, ఎవరూ ఆపలేదు. లెక్కల మాస్టారు తప్పేమీ రాయలేదు, కాస్త ముందుగా రాశారంతే.