గాజుకడ్డీ చప్పుడు

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. పాతికేళ్లుగా ఆత్మకూరులో కెమిస్ట్రీ చెబుతున్నాను. కంటికి కనబడి తూకానికి దొరికినదాన్నే నమ్మాను. అందుకే ఇది రాయాలంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

కొత్త మందుల కోసం వెతికే ఒక హైదరాబాదు కంపెనీ మా కాలేజీతో ఒప్పందం చేసుకుని ల్యాబులో మిషను పెట్టింది. అద్దాల పెట్టెలో తనంతట తానే ఇనపచేత్తో రసాయనాలు కలుపుతుంది, వేడి చేస్తుంది, చల్లారుస్తుంది. తయారీ పద్ధతి మేమివ్వాలి. మూడు ప్రయత్నాల్లో మందు పొడిగా రాకపోతే ఒప్పందం రద్దు. దాంతోపాటు నా దగ్గర పరిశోధన చేస్తున్న సునంద ఫెలోషిప్పూ పోతుంది.

ఆ పద్ధతి నిజానికి దావీదన్నది. ఉదయగిరి మనిషి, మా ల్యాబు అటెండరు. మందు జిగురుగా మిగిలిపోతే, గాజుకడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడను మూడుసార్లు గీకేవాడు. కాస్త ఆగి మళ్లీ మూడు. పాలకు తోడు వేసినట్టు, కాసేపటికి తెల్లటి పలుకులు కట్టేవి.

కంపెనీకి ఇచ్చిన కాగితంలో నేను గీకడం సంగతి రాయలేదు. నాటుగా ఉంటుందని సిగ్గుపడ్డాను. అతని పేరూ రాయలేదు. మిషనుండగా అటెండరెందుకని వాళ్లు అతన్ని తీసేయిస్తే నోరు మూసుకున్నాను.

వెళ్లేరోజు దావీదన్న నా బల్ల దగ్గరకొచ్చాడు.

"గీకకపోతే అది గడ్డకట్టదు మేడం. ఆ కాగితంలో నా పేరు రాసినారా?"

తర్వాత రాస్తానన్నాను. ఆర్నెల్లకు ఉదయగిరిలో పోయాడు.

మిషను మొదటి రెండుసార్లూ జిగురే ఇచ్చింది. మూడోసారి కంపెనీ ఇంజనీరు దగ్గరుండి చూడటానికి వచ్చాడు. మన కలిగిరివాడే, గీర మాత్రం హైదరాబాదుది. మాకు చేతకాదని ముఖానే అన్నాడు. పెట్టెకు తాళం వేసి చెవి తన జేబులో పెట్టుకున్నాడు. పట్టపగలు పదకొండు గంటలు.

మందు చల్లారుతుండగా పెట్టెలోంచి చప్పుడు వచ్చింది. గాజు మీద గాజు. మూడుసార్లు. ఆగి, మళ్లీ మూడు. పళ్లు జివ్వుమన్నాయి. దావీదన్న మెల్లగా గీకేవాడు. ఇది కసిగా ఉంది. మిషను చెయ్యి మాత్రం తన మూలలో కదలకుండా ఉంది.

ఫ్లాస్కులో తెల్లటి పలుకులు కట్టాయి. కడిగి చూస్తే లోపలి గోడ మీద ఆరు గీతలు. ఆ ఉదయమే అట్టపెట్టెలోంచి తీసిన కొత్త ఫ్లాస్కు అది. మిషనులో గాజుకడ్డీ అనేదే లేదు. పెట్టెకున్న కెమెరాలోనూ ఏమీ పడలేదు.

ఇంజనీరు గీరంతా దిగిపోయింది.

"ఇట్టా గీకేవాళ్లు ఇక్కడ ఎవురన్నా ఉండారా మేడం?"

సునంద నావైపు చూసింది. బల్ల మీద ఒప్పందం కాగితం ఉంది. పద్ధతి కనిపెట్టినవారు అన్నచోట నా పేరుంది.

ఎవరూ లేరన్నాను.

ఒప్పందం నిలిచింది. సునంద చదువు సాగుతోంది, నాతో మాత్రం పని ఉంటేనే మాట్లాడుతుంది. ఆ చప్పుడు ఎలా వచ్చిందో ఈరోజుకీ చెప్పలేను. ఆ పేరు మాత్రం ఆ రోజు చెప్పగలిగేదాన్నే. చెప్పలేదు.