డెమో క్లాసులో వైఫై పాఠం

మొన్న ఎల్‌బీ నగర్‌లోని మా ఇంట్లో కొత్త రూటర్ బిగించడానికి వచ్చినతను పెట్టె మీది ఏడు అంకె చూపించి, "గిది సెవెన్ సార్, పాతదానికి దీనికి పోలికే లేదు" అన్నాడు. ఏమిటయ్యా తేడా అంటే "మస్తు స్పీడొస్తది" అని సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. అతణ్ణి తప్పు పట్టను గానీ, ఆ వైఫై రకాల తేడాలు చెప్పడమే ఉద్యోగంగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నా వయసంతా గడిచింది కనుక ప్రాణం ఉసూరుమంది.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏ కోర్సుకైనా మొదట కొన్నాళ్ళు డెమో క్లాసులుండేవి. పిల్లలు ఒకచోట మెట్లెక్కి ఇంకోచోట దిగి, నలుగురి పాఠాలూ ఊరికే విని, నచ్చినచోట చేరేవారు. బ్యాచ్ నిండితే మాకు పాఠం, లేకపోతే ఇంటిదారి. నల్గొండ పల్లెల నుంచి వచ్చి రూముల్లో వండుకు తినే ఆ పిల్లలకు అర్థమవ్వాలని బోర్డు మీద మా మెయిన్ రోడ్డునే గీసేవాణ్ణి. 'బి' అనే తొలి రకం వైఫై నాటికి అది సన్నటి దారి, మెయిల్ తెరుచుకుంటే గొప్ప. 'జి'తో అదే దారిలో బండ్లు జోరందుకున్నాయి, అయితే మధ్యలో ఒక్క పాత 'బి' పరికరం ఉన్నా దాని కోసం అందరూ నెమ్మదించాల్సిందే. 'ఎన్' వచ్చి, ఎక్కువ యాంటెనాలతో ఆ దారినే వరుసలుగా చేసింది. 'ఏసీ' రద్దీ తక్కువున్న ఐదు గిగాహెర్ట్జ్ దారి పట్టి దూసుకుపోయేది, గోడలు అడ్డమొస్తే మాత్రం నీరసపడేది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పాత పాఠం చెరిపేసి, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడే కొత్తది చదువుకునేవాణ్ణి. మనిషన్నవాడు ఎన్నిసార్లని మొదటి బెంచీలో కూర్చుంటాడు చెప్పండి, విసుగొచ్చేది.

అక్షరాల పేర్లు పోయి అంకెతో 'సిక్స్' వచ్చిన ఏడాది డెమోలో, ఒక్కొక్కరికి ఒక్కో ఆటో కట్టకుండా అందరినీ ఒకే బస్సెక్కించి ఎవరి స్టాపులో వాళ్ళను దింపినట్టు, ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ అది ఒకే విడతలో డేటా పంచిపెడుతుందని చెప్పాను. ఒక అమ్మాయి లేచి, "నా ఫోన్ల స్పీడెంత పెరుగుతది సార్?" అనడిగింది. నీ ఫోను పాతదైతే పెద్దగా పెరగదమ్మా అని ఉన్నమాట చెప్పాను. పక్క గదిలో కొత్తగా చేరిన కుర్ర మాష్టారు గోడలదిరేలా స్పీడు అంకెలు చెబుతున్నాడు. మర్నాటికి నా బెంచీలు ఖాళీ.

సెంటర్ నడిపే ఆయన నాకన్నా చిన్నవాడు, టీ తెప్పించి మరీ, "ఇన్నేండ్లు చేసిన్రు సార్, ఇగ జర రెస్ట్ తీస్కోండ్రి" అని మర్యాదగానే చెప్పాడు. మా ఆవిడ వింటూనే, "మంచిగైంది, ఇగ ఆ పుస్తకాలతోని పరేషాన్ ఉండది" అంది. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్ళు నాకూ హాయిగానే ఉంది.

ఇప్పుడు పిల్లలు మెట్లెక్కి రానక్కర్లేదు, పాఠాలన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి, నచ్చకపోతే వేలితో నెట్టేస్తే సరి. మొన్న ఆ రూటర్ బిగించినతను వెళ్ళాక కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఏడో రకం సంగతి చదివాను. ఒకే పరికరం రెండు మూడు దారుల్లో ఒకేసారి పంపుతుందట. చదువుతుండగానే, ఒక మనిషి సామాను కొంత కింద బస్సులో, కొంత పైన మెట్రోలో పోతున్నట్టు కళ్ళకు కట్టింది. ఇంత చక్కటి ఉదాహరణ కుదిరిందే అని సంబరంగా తలెత్తితే, మా ఆవిడ ఫోనులోంచి చూపు తిప్పకుండా "జర ఆగుండ్రి" అని చెయ్యి చూపింది. ఆగాను. కొత్త పాఠం నేర్చుకోలేక అలసిపోయానని ఇన్నేళ్ళూ అనుకున్నాను గానీ, నేర్చుకున్న పాఠం వినేవాళ్ళు లేకపోతే అంతకంటే ఎక్కువ అలసట వస్తుందని నాకప్పుడు తెలియదు.