ఎండబెట్టిన సంస్కారపు రొట్టె

నా పేరు దేవమ్మ. పుట్టింది నడిగూడెంల, కోడలుగ వచ్చింది మునగాలకు. నాట్లు, కలుపులు, కోతలు, ఇదే బతుకు. మా ఆయన ముత్తయ్య జరమొచ్చి పోయినంక, ఇది నాదని సెప్పుకునేటందుకు ఒక్కటే పని మిగిలింది. నెలకొక్క ఆదివారం సూర్యాపేట నుంచి పాదిరి రాందాసయ్యగారు వచ్చి మా తాటాకుల చర్చిల ప్రభువు సంస్కారం ఇస్తడు, ఏసు శరీరమని రొట్టె విరిచి తలా ఒక ముక్క పెడతడు. ఆ రొట్టె నేనే కాల్చాలె. పన్నెండేండ్లు కాల్చిన. రెండు పిడికిళ్ల గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు గూడ పడొద్దు. తెల్లారంగనే తానం సేసి, పెనం తోమి, కాల్చిన రొట్టె తెల్లగుడ్డల సుట్టుకోని పోతుంటే దొరసాని గూడ నా ముందట దిగదుడుపే అనిపించేది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు శాంతకుమారి దిగింది. కోదాడ అవతల ఆంధ్ర దిక్కు పిల్ల. మా పిల్లలకు సదువు సెప్పనీకె పంతులమ్మగ వచ్చింది. నెల గూడ తిరగలే, అయ్యగారు అందరి ముందట, ఇగ రొట్టె పంతులమ్మ సేస్తది, దేవమ్మకు జర ఆరాం దొరుకుతది అన్నడు. నేనడిగిన్నా ఆరాం? ఆమె సీర సూస్తె మంట, ఆమె నవ్వు సూస్తె మంట. పిల్లలు ఆమె ఎంటబడి తిరుగుతుంటే, వీళ్లు పుట్టినప్పుడు నీళ్లు పోసింది నేను గాదా అని పండ్లు కొరికిన.

శుక్రవారం ఆమె నా ఇంటికే వచ్చింది. వరి అన్నం తిని పెరిగిన పిల్ల, రొట్టె కాల్చుడే రాదు. తనకేం తెల్వదని, నేను ఎట్ల సెప్తె అట్లనే సేస్తనని అన్నది. అంత నమ్మకంగ అడిగేసరికి నాకు ఇంక మండింది. శనివారం పొద్దుగాల్నే కాల్చాలె, పొద్దుగూకేదాంక ఎండల పెట్టాలె, సంస్కారపు రొట్టెల తేమ ఉండొద్దు, ఇది మా పెద్దల కాడికెళ్లి వస్తున్న పద్ధతి అని సెప్పిన.

శనివారం ఆమె వాకిలి ముందటికెళ్లి పోతూ సూసిన. చాటల రొట్టె పెట్టి, కాకులు రాకుండ కర్ర పట్టుకోని ఎండల కూసున్నది. పాపమనిపించలే. సంబురమైంది.

ఆదివారం అయ్యగారు రొట్టె ఎత్తి విరవబోతే విరగలే. పండ్లు బిగబట్టి వంచితే టప్పున పలిగి, ఒక ముక్క ఎగిరి ముందట కూసున్న మా ఊరి దుర్గయ్య తాత ఒళ్లె పడ్డది. పిల్లలు నవ్విన్రు. శాంతకుమారి మొఖం తెల్లబోయింది. ఎందుకిట్లైందని అయ్యగారు అడిగితే, ఆమె ఒక్కసారి నా దిక్కు సూసి తల దించుకున్నది.

"నాకు చేతకాలేదండీ" అన్నది.

మా చర్చిల పద్ధతేందంటే, రొట్టె ముట్టేముందు ఎవరి మీదన్న మనసుల ఏమన్న పెట్టుకున్నోళ్లు లేసి ఒప్పుకోవాలె. లేకుంటే తినొద్దు. అయ్యగారు అడిగిండు, నేను లేవలే. పళ్లెం అందరి కాడ తిరిగి నా కాడికొచ్చింది. పన్నెండేండ్లల ఒక్కనాడు తప్పలే నేను. తింటే దేవుని ముందట దొంగనైత, తినకుంటే అందరు ఎందుకని అడుగుతరు. సెయ్యి సాపిన, మళ్ల గుంజుకున్న. ఆఖరికి లేసి, ఎండబెట్టమన్నది నేనే, ఓర్వలేక సెప్పిన అన్న.

అయ్యగారు నా దిక్కు తిరిగి అడిగిండు.

"మరి ఆ కుళ్లు ఇప్పుడన్న పోయిందా, దేవమ్మా?"

పోయిందంటే అయిపోతుండె. నోరు రాలే.

"పోలేదయ్యా. ఇంక గీడనే, గుండెల్నే ఉంది."

అయ్యగారు పళ్లెం వెనుకకు తీసుకోబోయిండు. దుర్గయ్య తాత బోసి నోట్లె ముక్క సప్పరించుకుంటనే అడ్డమొచ్చిండు.

"కుళ్లు లేనోళ్లకే పెడతనంటే, నాతోని మొదలువెట్టి అందరం ఇంటికి పోవాలె అయ్యా. నువ్వు గూడ."

అయ్యగారు పళ్లెం పట్టుకోని అట్లనే నిలవడ్డడు. శాంతకుమారి లేసి వచ్చింది. పళ్లెంలకెళ్లి ఒక ముక్క తీసి నా సేతుల పెట్టింది. ఆమె ముక్క గూడ ఇంక తినకుండ రెండో సేతులనే ఉన్నది.

"నాకూ మీ మీద కోపం పోలేదక్కా. తినండి."

నోట్లె ఏసుకున్న. రాయి లెక్క ఉంది. ఆమె నా పక్కనే నిలవడి తన ముక్క నములుతున్నది. మింగేసరికి ఇద్దరికీ చాన సేపు పట్టింది.