ఎవరూ దిగని స్టేషన్‌లో దిగడానికి

మా బాపు చంద్రపూర్ దగ్గరి మాజ్రి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాడు. రిటైరైన తరువాత ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "బాయిల పోయిన తొవ్వనే మళ్ల ఎల్లాలె బిడ్డా. ఇటు జొచ్చి అటు ఎల్లే సొరంగం ఒకటి సూపియ్యి. అవుతలి నోటికాడ జరసేపు నిలవడుత."

అరకు రైలు దారిలో, సొరంగం దాటగానే ఒక చిన్న కొండ స్టేషన్ ఉంది. పేరు రాయను, నా ఫిర్యాదు ఒక ఉద్యోగి మీద, ఊరి మీద కాదు. ఉదయం బండిలో అక్కడ దిగి, మధ్యాహ్నం తిరుగు బండి ఎక్కి విశాఖ చేరాలని ప్రణాళిక వేశాను.

చంద్రపూర్‌లో టూర్ల ఏజెంటు నవ్వాడు. "అక్కడ ఏమున్నది తాయీ? హోటల్ లేదు, పాయింట్ లేదు. సీదా అరకుల దిగుండ్రి." ప్రయాణికుడు ఏది చూడాలో అమ్మేవాడు నిర్ణయించడం ఏ న్యాయం? టికెట్లు నేనే తీసుకున్నాను.

సాయంత్రం బల్లార్షాలో ఎక్కి మరునాడు విశాఖలో దిగాం. స్టేషన్ ఎదుట లాడ్జిలో ఆ రాత్రి ఉండి, తెల్లవారుజామున ఐదున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. వెళ్లేవారు అంతకన్నా ఆలస్యం చేయవద్దు, సీట్లు దొరకవు. ఇడ్లీ పొట్లాలు వెంట తీసుకోవడం మేలు.

ఘాట్ మొదలైంది. మొదటి సొరంగంలోకి ప్రవేశించగానే పెట్టె అంతా ఈలలు, కేకలు. బాపు చేయి కిటికీ ఊచను బిగించి పట్టుకుంది. గనిలో కప్పు కూలే ముందు సన్నగా చప్పుడు చేస్తుంది. అది వినబడాలని అక్కడ ఎవరూ ఈల వేయరు. వెలుతురు రాగానే ఆయన ఎదుటి కుర్రాళ్లను మెల్లగా అడిగాడు. "సీటీ కొట్టకుండ్రి బాబూ. కప్పు కింద కొట్టద్దు."

"సొరంగం వస్తే అరవాలి బాబాయ్. అందుకేగా వచ్చాం. భయమైతే కళ్లు మూసుకోండి."

నేను లేచాను. ఇది అందరి బండి అనీ, ఒకరి వినోదం ఇంకొకరికి బాధ కాకూడదనీ క్రమంగా వాదించాను.

"మేడంగారు ఉపన్యాసం మొదలెట్టారు. ఒరేయ్, చప్పట్లు కొట్టండ్రా."

కొట్టారు. తరువాతి సొరంగంలో ఈలలు రెట్టింపయ్యాయి. కళాశాల పోటీల్లో నేను గెలిచిన వాదనలన్నిటికీ ఒక న్యాయనిర్ణేత ఉండేవాడు. ఇక్కడ బాపు తప్ప వినేవారే లేరు, ఆయన కూడా "కూసో బిడ్డా" అన్నాడు.

మా స్టేషన్ వచ్చింది. పెట్టె తలుపు నిండా ఫోన్లు పట్టుకున్నవారు. దిగాలి, జరగండి అన్నాను. ఒకావిడ వెనక్కి తిరగకుండానే, "ఇక్కడెవరూ దిగరమ్మా, వీడియో అవుతోంది," అన్నది. బండి కదిలింది. ఆ వీడియోలో బాపు భుజం కూడా ఉండి ఉంటుంది, దిగలేకపోయిన మనిషి భుజం.

అరకులో భోజనం చేశామే గాని రుచి గుర్తు లేదు. తిరుగు బండిలో మా స్టేషన్‌లో దిగితే ఆ రోజుకు మరో బండి లేదు. దిగకుండా నేరుగా విశాఖకు పోదామా అని అడిగాను. "ఇంత దూరం వచ్చినం. దిగుదాం," అని బాపు అంతకు ముందు స్టేషన్ నుంచే తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఈసారి దిగాం. విశ్రాంతి గదికి తాళం ఉంది. రైల్వే ఉద్యోగి ఒకాయనను తెరవమని అడిగాను.

"అది ఆఫీసర్లు వస్తే తీస్తామండీ. అయినా ఇక్కడ దిగమని మీకెవరు చెప్పారు?"

"టికెట్ ఇచ్చింది మీరే. బండి ఆపిందీ మీరే. దిగడం మా తప్పెలా అవుతుంది?"

"కూర్చోవడానికి బయట బల్ల ఉంది కదా."

బల్ల ఉంది, దాని మీద సిమెంటు బస్తాలు ఉన్నాయి. అది చూపించి, హక్కుకూ దయకూ తేడా చెప్పి, ఫిర్యాదు చేస్తానని ఆయన హోదా అడిగి, నేను వెనక్కి తిరిగేసరికి బాపు సొరంగం దగ్గరి నుంచి తిరిగి వస్తున్నాడు. ప్లాట్‌ఫారం చివర ఆయన ఎలా నిలబడ్డాడో, ఎంతసేపు నిలబడ్డాడో నేను చూడలేదు.

కింద రోడ్డు మీద జీపులు తిరుగుతాయి. చీకటి పడకముందే ఒకటి దొరికింది, ఎస్.కోట దాకా జీపు, అక్కడి నుంచి విశాఖకు బస్సు. నన్ను అనుసరించేవారికి అదే మార్గం.

మరునాడు ఇంటికి వచ్చే బండిలో మా మాజ్రి పక్కనున్న భద్రావతి ఆయన ఒకరు ఎదురుగా కూర్చున్నారు. నేను ఫిర్యాదు రాసుకుంటున్నాను. ఆయన బాపును అడిగాడు.

"ఏం జూసిండ్రన్నా గంత దూరం పోయి?"

"సొరంగం నోటికాడ నిలవడ్డ. గాలి కొడుతుండె తమ్మీ. మా బాయిల ఫ్యాన్ తిప్పితేనే గాలి. ఆడ ఎవలు తిప్పకుండనే అవుతలి నోటి నుంచి వస్తుంది, సల్లగ."

నేను రాయడం ఆపి, ఇంకోసారి చెప్పమన్నాను.