ఎరుపు నిలిచేదాకా

మా ఉదయగిరిలో, నా చిన్నప్పుడు, మా ఇంటికీ పక్కింటికీ మధ్య మోకాలెత్తు గోడ ఒకటే అడ్డం. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు, వాళ్లు చర్చికి పోయే కుటుంబం. కూరలూ పచ్చళ్లూ ఆ గోడ మీదుగానే చేతులు మారేవి. అమ్మవారి ప్రసాదం మాత్రం మేం ఇచ్చేవాళ్లం కాదు, వాళ్లు అడిగేవాళ్లూ కాదు. అందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు.

పక్కింటి అక్క ఇంటర్ చదివేది. అంతకుముందు ఏడాది కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో తప్పింది. ఆమ్లంలో క్షారాన్ని చుక్కచుక్కగా వేసి, రంగు మారి నిలిచిన చోట ఆపాలట. క్షారం ఎంత పట్టిందో చూసి ఆమ్లం బలం లెక్కగట్టాలట. అక్క కంగారులో ఎక్కువ పోసేసింది. ఈసారి కూడా తప్పితే చదువు మానిపిస్తానని వాళ్లమ్మ తేల్చి చెప్పింది. ఆవిడను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. పెద్దమ్మ ఒకమాట అన్నదంటే ఇక అంతే. అక్కకేమో నెల్లూరు వెళ్లి బీఎస్సీ చదవాలని ప్రాణం.

కాలేజీలో ఆ గాజు సామాను ముట్టుకోనిచ్చేదే తక్కువ. అందుకని అక్క ఇంట్లోనే సాధన మొదలుపెట్టింది. ఆమ్లానికి నీళ్లలో కాస్త నిమ్మరసం, క్షారానికి మా అవ్వ తాంబూలం సున్నాన్ని నీళ్లలో కలిపి తేర్చిన తేట, రంగుకు చిటికెడు పసుపు. తేట వేయడానికి పెన్నుల్లో ఇంకు పోసే ఫిల్లరు. పులుపు ఉన్నంతసేపూ నీళ్లు పచ్చగానే ఉంటాయి, అది తీరిపోగానే ఎర్రబడతాయి. నేను బడి నుంచి రాగానే సంచీ పడేసి గోడ దూకేదాన్ని.

ఒక సాయంత్రం అక్క గ్లాసులో ఎరుపు తెప్పించి మురిసిపోతుండగా పెద్దమ్మ వచ్చింది. చూస్తే ఏముంది, కోసిన నిమ్మచెక్కలు, పసుపు, సున్నం, ఎర్రనీళ్లు. పాపం, ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది? మా ఇంట్లో దిష్టి తీసేది అచ్చం అలాంటి నీళ్లతోనే. గ్లాసు లాక్కుని పెరట్లో పారబోసింది.

"పరీక్ష కోసరం దిష్టినీళ్లు కలుపుతుండావా? ప్రార్థన చేసుకునే ఇంట్లో ఇదేందే? ఇంక ఆ పుస్తకాలు మూసెయ్," అంది.

ఇదంతా మా అవ్వ నేర్పిందని కూడా అనుకున్నట్టుంది, గోడ వైపు అదోలా చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతుంటే అక్క నా చెయ్యి నొక్కింది. గ్లాసు కడిగి, మళ్లీ నిమ్మరసం, పసుపు కలిపి, ఫిల్లరు తల్లి చేతికిచ్చింది.

"నువ్వే వెయ్యి మా. చుక్క వేసి గ్లాసు తిప్పు. ఎరుపు పోయిందంటే లోపల పులుపు ఇంకా ఉండాదని."

పెద్దమ్మ గొణుక్కుంటూనే వేసింది. చుక్క పడినచోట ఎర్రగా మెరిసి, తిప్పగానే పోయింది. ఇంకోటి వేసింది, అదీ పోయింది. కాసేపటికి గొణుగుడు ఆగిపోయింది. కొంగు బొడ్లో దోపుకుని మెట్టు మీద కూర్చుంది. ఎరుపు పోవడం ఆలస్యమయ్యేకొద్దీ ఆవిడ చెయ్యి కూడా నెమ్మదించింది. ఆఖరికి ఒక చుక్కకు గ్లాసంతా లేత ఎరుపైంది, ఎంత తిప్పినా పోలేదు.

"ఇంతేనా? పోయినేడు తప్పినావే, అది దీనికేనా?" అంది పెద్దమ్మ.

అక్క పకపకా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మర్నాడు మా అవ్వను సున్నం అడిగింది పెద్దమ్మే. అక్క ఆ ఏడు గట్టెక్కి నెల్లూరు వెళ్లింది.

నేను ఆ చదువు చదవలేదు. కానీ ఇంట్లో ఎవరైనా మొహం ఎర్రజేసుకుని నా మీదికి వచ్చినప్పుడు, జవాబు నాలుక చివర ఉన్నా మింగేసి కాసేపు చూస్తాను. చాలాసార్లు ఆ ఎరుపు నిలవదు. నిలిచిన రోజున మాత్రం, లోపల ఏదో గట్టిగానే తగిలిందని, వెళ్లి పక్కన కూర్చుంటాను.