చావడిలో తిన్న లేహ్యం

మా నాయన కూర్చోలేడు. ఈ ముక్క ముందు చెప్పకుండా మా ఇంటి గురించి ఇంకేం చెప్పినా అబద్ధమే అవుతుంది. సత్రపట్టి దారిలో ఎద్దు బెదిరి బండి తిరగబడిన రోజున ఆయన నడుం విరగలేదు గానీ, అప్పటినుంచీ నడుం కింద ఒక నొప్పి పుట్టి తొడ వెంబడి మడమ దాకా దిగేది. నేల మీద కూర్చుంటే నిప్పు మీద కూర్చున్నట్టు లేచేవాడు. కుర్చీ వేసినా అంతే. పడుకుంటే పక్క మార్చలేడు. ఇక మిగిలింది నడక. పొద్దున పనివాళ్లను పిలిచే మిల్లు సంగు కూయకముందే ఇంటి మధ్య కూటంలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఆయన అడుగుల చప్పుడు మొదలయ్యేది.

ఇంటి పెద్ద తిరుగుతూ ఉంటే మిగతావాళ్లం కూర్చోగలమా? అమ్మ నిలబడే కాఫీ తాగేది, నిలబడే మజ్జిగన్నం తినేది. నేను గోడకానుకుని చదువుకున్నాను. మనవరాళ్లు పుట్టాక కూడా నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాలేదు. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టావా అని అందరూ దెప్పుతారు. చక్రాలు కాదు, మా నాయన నొప్పి నాకు అంటుకుందని ఎవరికి చెప్పను?

చేయించని వైద్యం లేదు. మా రాజపాళయంలోనే ఇంగ్లీషు డాక్టరు ఇచ్చిన మాత్రలు నొప్పిని కొంచెం తగ్గించి కడుపును బాగా మండించాయి. సత్రపట్టిలో నేసిన పట్టీ గుడ్డ మూరలకు మూరలు తెచ్చి నడుముకు చుట్టాం. వావిలాకు కాపడం, నువ్వులనూనె మర్దన, కొండ మీది దేవుడికి మొక్కు, అన్నీ అయ్యాయి. ఎవరో పుట్టమన్ను పూయమన్నారు. అదీ పూశాం. నాయన మట్టి కొట్టుకున్న నడుంతో కూటంలో తిరుగుతుంటే నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే నాకు సంబంధం కుదిరింది. చోళపురం వాళ్లు. స్వరాజ్యం వచ్చి ఇంకా పదేళ్లు నిండని రోజులు. మా ఇళ్లల్లో కన్యాదానం చేసే తండ్రి పీట మీద బాసీపట్టు వేసుకుని కూర్చోవాలి. పక్కన తల్లి కూర్చుని నీళ్లు పోస్తుంటే పిల్ల చేతిని పెళ్లికొడుకు చేతిలో పెట్టి, మంత్రం అయ్యేదాకా కదలకూడదు. తండ్రి కూర్చోలేకపోతే ఆ పీట పెదనాయనది. మా పెదనాయనకూ నాయనకూ మామిడితోట బావిలో మోటారు పెట్టే విషయంలో మాటలు ఆగి ఏళ్లు గడిచాయి. ఎదురుపడితే ఒకరు వీధికి ఈ పక్క, ఒకరు ఆ పక్క. ఆయన చేతుల మీదుగా నేను వెళ్లడమా? నా ఒళ్లు మండిపోయింది. నాయన కూర్చుంటేనే పెళ్లి, లేకపోతే లేదని అమ్మతో తేల్చి చెప్పేశాను. అమ్మ మరునాడే పుట్టింటికి వెళ్లొస్తానని మంసాపురం బస్సెక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు ఒక జాడీ తెచ్చింది. అందులో నల్లగా, నేతితో నిగనిగలాడే లేహ్యం. "కరక్కాయ లేహ్యం, వైద్యర్ ఇచ్చినాడు. సాయంత్రం పాలల్లో చింతగింజంత తింటే చాలంట. తిన్నాక బండి తోలకూడదంట" అని నాయనకు చెప్పింది. కరక్కాయకూ బండి తోలడానికీ ఏం సంబంధమో ఆయన అడగలేదు. నొప్పిలో ఉన్న మనిషి కారణాలు అడగడు.

మొదటి రోజుల్లో ఆయనకు నోరు ఎండిపోయేది. విపరీతంగా ఆకలేసేది. ఒకసారి వడ్డించిన అప్పడాన్ని చూసి చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు చూసి అమ్మ బెదిరి మరునాడు మందు తగ్గించింది. కొన్నాళ్లకు అడుగుల చప్పుడు పలచబడింది. ఒక మధ్యాహ్నం చూద్దును కదా, నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు! కాలు చాపుకునే కూర్చున్నాడు, అయినా కూర్చున్నాడు. తగ్గిందా నాయనా అని అడిగితే, "పోలేదమ్మా. వాకిట్లో కూర్చునుండాది. ఇంట్లోకి రావడం లే" అన్నాడు. నొప్పిని ఆయన ఇంటికొచ్చిన చుట్టం గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఆ లేహ్యంలో గంజాయి ఉందని నాకు అమ్మ వంటింట్లో చెప్పింది. ఆకును పాలల్లో ఉడికించి, నేతిలో వేయించి, శొంఠి, పిప్పలి, బెల్లం కలిపి చేస్తాడట. మందుకోసం వాడుకోవడానికి ఆ వైద్యుడికి సర్కారు అనుమతి ఉందట. "మీ నాయనకు మాత్రం తెలియకూడదు" అంది. ఎందుకో నాకు చెప్పక్కర్లేదు. మద్యం మాన్పించే మదువిలక్కు చట్టం వచ్చిన కొత్తలో మా వాళ్లందరూ మా ఇంటి ఎదుట చావడిలో కర్పూరం వెలిగించి ప్రమాణం చేశారు. కల్లు, సారాయి, నల్లమందు తాకమని. ఆ ప్రమాణం చదివించింది ఖద్దరు కట్టుకున్న మా నాయన. తోటలో నీళ్లు కట్టేవాళ్లు చిలుం పట్టి, మడవ తిప్పడం మరిచి నిద్రపోతున్నారన్న కోపంతో అందులో గంజాయి అన్న మాట చేర్పించింది కూడా ఆయనే.

గుట్టు బయటపెట్టింది మా కుక్క. మా ఊరి తెల్ల కుక్కల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కొత్తవాడి నీడ పడితే చాలు, గొలుసు తెంపుకునే జాతి. చోళపురం వాళ్లు వచ్చినప్పుడల్లా వీధి మొదట్లోనే ఆగి, "కుక్కను కట్టినారా?" అని కేకవేసేవాళ్లు. ముహూర్తం మాట్లాడటానికి వచ్చిన రోజు మాత్రం వాళ్లు కేకేసినా పలికేవాళ్లు లేక భయపడుతూనే లోపలికి వచ్చేశారు. కుక్క గుమ్మంలో నాలుగు కాళ్లూ చాపుకుని పడుకుని ఉంది. కళ్లు సగం తెరిచి, తోక ఒకసారి ఆడించి, మళ్లీ మూసుకుంది. కాబోయే మామగారు దాన్ని దాటుకుని వచ్చి, "మంచి సాధువు కుక్క!" అని మెచ్చుకున్నాడు. మా ఊళ్లో కుక్కను సాధువు అనడం, ఇంటాయన్ను చేతకానివాడు అనడం ఒకటే. నాయన మొహం మాడిపోయింది.

వాళ్లు వెళ్లగానే నాయన పెరట్లోకి నడిచాడు. లేహ్యం అయిపోయి తోమడానికి వేసిన మొదటి జాడీ పక్కకు దొర్లి ఉంది, లోపలంతా నాకేసి ఉంది. దాన్ని తీసి వాసన చూశాడు. తోటలో ఎన్నిసార్లు కోపంతో పీల్చిన వాసనో అది.

"నాకు పెట్టిందే దీనికీ పెట్టినావా?" అన్నాడు అమ్మతో.

"దానికి నేను పెట్టలే. అదే నాకింది. మీకు పెట్టింది మందు."

"మందుకు పేరు ఎందుకు మార్చినావు?"

అమ్మ ఆ జాడీని ఆయన చేతిలోంచి తీసుకుని తోమడం మొదలుపెట్టింది. మరునాటికి కుక్క తేరుకుని, పాలవాడి మీద పడి బాకీ మొత్తం మొరిగేసింది. నాయన మాత్రం తేరుకోలేదు. లేహ్యం ముట్టనన్నాడు. వాకిట్లో ఉన్న నొప్పి మళ్లీ ఇంట్లోకి వచ్చేసింది. అడుగుల చప్పుడు మొదలైంది, ఈసారి కుంటుతూ. పందిరి రాటలు వచ్చి పెరట్లో పడ్డాయి. బియ్యం దంచడానికి మనుషులు వచ్చారు. నాకు వాళ్ల రోకళ్ల చప్పుడు కంటే ఆ అడుగులే గట్టిగా వినిపించేవి. నేను మేడ ఎక్కడం, దిగడం, పెరట్లోకి పోవడం, రావడం. అమ్మ విసుక్కుంది: "కాలుగాలిన పిల్లి మాదిరి తిరగబోకే! ఒకరు తిరిగేది చాలదా ఈ ఇంట్లో?"

చివరికి ఒక రోజు కూటం మధ్యలో నాయనకు అడ్డం నిలబడ్డాను. ఆయన ఎదుట నేను గొంతు పెంచడం అదే మొదలు.

"పీట మీద ఎవరు కూర్చుంటారు నాయనా?"

"మీ పెదనాయన ఉండాడు."

"ఆయన చేత్తో ఇస్తే నేను పోను."

"ఏం చేసేదమ్మా? దొంగగా తిని నేను ఆ పీట మీద కూర్చోలేను."

"దొంగగా తినలేకపోతే దొరగా తినండి! ఎవురు వద్దన్నారు? ప్రమాణం చేసేటప్పుడు అందరూ చూసినారు గదా, నొప్పి పడేటప్పుడు ఒక్కరన్నా చూసినారా?"

నాయన నన్ను తప్పించుకుని నడిచాడు. ఆ పంతం చూస్తే నాకు కోపం, ఆ కుంటు చూస్తే జాలి. రెండూ ఒకేసారి పడితే ఆడపిల్ల ఎక్కడ కూర్చుంటుంది?

ఒక అమావాస్య సాయంత్రం చావడిలో పెద్దలు చేరారు. నాయన ఖద్దరు తుండు భుజాన వేసుకుని, వంటింట్లోకి వచ్చి, "ఆ కొత్త జాడీ ఇటియ్యి" అన్నాడు అమ్మతో. అమ్మ అటక మీంచి తీసి ఇచ్చింది. ఆయన జాడీ చంకన పెట్టుకుని వీధి దాటాడు. చావడిలోకి ఆడవాళ్లు పోకూడదు. నేను మేడ కిటికీకి పరుగెత్తాను. వీధి ఇరుకు, నాయనది పెద్ద గొంతు. అన్నీ వినిపించాయి.

ఆయన ఎప్పటిలాగే స్తంభానికి ఆనుకుని నిలబడి, జాడీ కింద పెట్టి చెప్పాడు. ఇందులో గంజాయి ఉంది. తెలియక కొన్నాళ్లు తిన్నాను, నొప్పి తగ్గింది, కూర్చోగలిగాను. తెలిశాక మానేశాను. ఇప్పుడు కూతురి పెళ్లి.

అందరికంటే పెద్దాయన నవ్వాడు. "మందుకు ఏం తప్పురా? తినేసి ఊరికే ఉండకూడదా?"

"తినేసి ఊరికే ఉండేదానికైతే ప్రమాణం ఎందుకు చేసినాము?"

అయితే ప్రమాణంలోంచి గంజాయి అన్న మాట తీసేద్దామా అని ఒకరన్నారు. తీసేస్తే రేపు తోటలో ప్రతివాడూ చిలుం పట్టి మందే అంటాడని ఇంకొకరన్నారు. చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి పెద్దాయన తేల్చాడు: "మందుగా తినేవాడు ఇక్కడికొచ్చి, చెప్పి తినాల. చెప్పకుండా తినేదే తప్పు. తిన్నదానికి గుడికి దీపం నూనె పొయ్యి. అంతే."

"సరి" అన్నాడు నాయన. మూత తీసి, చింతగింజంత లేహ్యం వేలితో తీసుకుని, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. తిన్న వెంటనే పనిచేసే మందు కాదది. లేచి పోతే బాగుండదు, కూర్చుంటే మాటలు లేవు. ఒకరు వానల సంగతి ఎత్తి మధ్యలో వదిలేశారు. నాయన స్తంభానికి ఆనుకునే ఉన్నాడు. నేను కిటికీ దగ్గర నిలవలేకపోయాను. కిందికి పోయి నీళ్లు తాగి వచ్చాను. మళ్లీ పోయి వచ్చాను. పని చెయ్యకపోతే? ఇంతమంది ఎదుట తిని కూడా కూర్చోలేకపోతే ఆ మనిషి ఏమవుతాడు? నా నోటిదురుసుతో ఆయన్ను వీధిలో నిలబెట్టానా?

దీపాలు పెట్టే వేళకు నాయన కాలు ఒకసారి ముందుకు చాపి చూసుకున్నాడు. తర్వాత స్తంభం పట్టుకుని మెల్లగా కిందికి వంగాడు. పెదనాయన అక్కడికి దగ్గర్లోనే కూర్చుని ఉన్నాడు. తలెత్తి చూడలేదు. తన పక్కన నేల మీద పరుచుకున్న తుండుగుడ్డను మాత్రం లాక్కుని చోటు చేశాడు. నాయన ఆ చోటులో కూర్చున్నాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చాను.

పెళ్లిలో నాయన పీట మీద కూర్చున్నాడు. చెమటలు పట్టాయి, ఒకటి రెండుసార్లు పెదవి కొరుక్కున్నాడు, కానీ కదల్లేదు. నా చేతి కింద ఆయన చెయ్యి వెచ్చగా, నిలకడగా ఉంది. పెదనాయన వెనకే నిలబడి, ఎందుకైనా మంచిదన్నట్టు ఒక చెయ్యి తమ్ముడి వీపుకు దగ్గరగా పెట్టుకుని ఉన్నాడని తర్వాత అమ్మ చెప్పింది.

భోజనాలయ్యాయి. రాహుకాలం రాకముందే బయలుదేరాలని చోళపురం వాళ్లు తొందరపెట్టారు. కారు వాకిట్లోకి వచ్చింది. అప్పగింతలకు నాయన కోసం వెతికితే, ఖాళీ అయిన పందిట్లో అదే పీట మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ వెళ్లి లేవమంది.

"ఉండు" అన్నాడు నాయన. "ఇంకొంచెంసేపు కూర్చుంటాను. ఎన్నాళ్లాయెనో."

నేను పట్టుచీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. బయట కారు హారను కొడుతూనే ఉంది. నేను లేవలేదు.