ప్లాస్టిక్ టబ్బుకు పోయిన మా అమ్మ చీర

మా చిన్నప్పుడు... మా ఇంటిల్లిపాది బట్టలూ ఒక్క రేకు పెట్టెలో పట్టేవి. అమ్మ చీరలు, నాయన పంచెలు, మా గౌన్లు, అడుగున ఎండు వేపాకు... ఇంకా చోటు మిగిలేది.

అనంతపురం జిల్లా బెళుగుప్ప దగ్గర మా ఊరు. వాన పడి శనక్కాయ పండిన ఏడు అమ్మకు ఒక చీర వచ్చేది. పండకపోతే పాతవే. ఆ చీర మొదట ఊర్లకు పోయేటప్పుడు కట్టేది... రెండేళ్లకు చేనికి కట్టేది... ఇంకా వెలిసిపోతే నాకు పావడ... ఆ తర్వాత వేడి గిన్నెలు దించే మసిగుడ్డ... చివరికి ఇల్లు అలికే గుడ్డ. బట్ట పారేయడమన్న మాటే మా ఇంట్లో నేను వినలేదు.

బాగా మెత్తబడిన చీర ఒకటి మాత్రం అమ్మ మసిగుడ్డ కానివ్వకుండా దాచేది. ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతుంటే దాన్ని మడతలు వేసి నేలమీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి బొంత కుట్టేది. సూదిలో దారం ఎక్కించడం నా పని. తమ్ముడు పుట్టే ముందు నాకు ఒకటే కోపం... పుట్టే బిడ్డకు పాత గుడ్డేంది, కొత్తది కొనొచ్చు కదా అని మూతి ముడుచుకున్నాను. అమ్మ సూది ఆపకుండానే చెప్పింది.

"కొత్త గుడ్డ గుచ్చుకుంటాది పాపా. పెద్దోళ్లు కట్టి కట్టి మెత్తబడిందయితేనే బిడ్డ ఒంటికి పడతాది."

అమ్మ పోయాక ఆమె చీరల్లో ఒక్కటే తెచ్చుకున్నాను. ఆకుపచ్చ నూలు చీర, వంకాయ రంగు అంచు. నా కూతురికి బిడ్డ పుట్టేటప్పుడు బొంత కుట్టాలని అనంతపురంలో మా బీరువా అడుగున దాచిపెట్టాను.

ఇప్పుడు ఆ కూతురికే ఎనిమిదో నెల. పురిటికి వచ్చింది. ఊరికే కూర్చోలేక, ఫోను వీడియోలో ఎవరో ఒకామె చెప్పిందని మొన్న నా బీరువా సర్దింది. ఏడాదిగా కట్టని బట్ట ఇంట్లో ఉండకూడదట... అప్పుడే బతుకు తేలికవుతుందట.

నేను మార్కెట్టు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. పాత బట్టలకు సామాన్లిచ్చే ఆమెకు మూటంతా ఇచ్చేసి దాన్ని తీసుకుందట. మా అమ్మ చీరకు ఒక టబ్బు... ఒళ్లు మండిపోయింది. నిండు నెలల పిల్లని ఏమంటాం. కానీ ఆ చెప్పినామె ఎదురుగా ఉంటే ఊరుకునేదాన్ని కాదు. ముప్పై చీరలు కొనమన్నదీ ఆ ఫోనే, పారేయమన్నదీ ఆ ఫోనే. వాన కోసం ఎదురుచూసి కట్టుకున్న చీర సంగతి దానికేం తెలుసు?

బీరువాలో ఒక కొత్త నూలు చీర తీసి చంకన పెట్టుకుని వీధులన్నీ తిరిగాను. మూడో వీధిలో ఒక అరుగు మీద మూట విప్పుకుని కూర్చుని ఉంది ఆమె. బట్టలన్నీ ఒక కుప్ప... మా అమ్మ చీర మాత్రం విడిగా, మడత పెట్టి, ఆమె ఒడిలో ఉంది.

అది మా అమ్మది, పొరపాటున వచ్చింది, బదులుగా ఈ కొత్తది తీసుకో అన్నాను. ఆమె కొత్త చీరను వేళ్లతో నలిపి చూసి నా చేతికే ఇచ్చేసింది.

"ఇది గుచ్చుకుంటాదక్కా. నా కోడలికి ఈ నెలలోనే కాన్పు. బొంతకని ఈ పాతదాన్ని పక్కన పెట్టుకున్నా."

అంత కోపంతో పోయినదాన్ని... ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాను. అమ్మ మాట అమ్మ పోయాక మళ్లీ విన్నది అప్పుడే. సగం సగం తీసుకుందామన్నాను. ఆమె అంచును పంటితో కొరికింది, చెరో కొసా పట్టుకుని చింపాం. కొత్త చీర కూడా అక్కడే పెట్టి వచ్చాను... ఆమె కోడలు కట్టి కట్టి మెత్తబరుస్తుందిలే అని.

ఇప్పుడు బొంత కుడుతున్నాను. నా కూతురు తలొంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. నా కోపం ఇంకా తగ్గలేదు... ఆ టబ్బు కనిపించినప్పుడల్లా తన్నాలనిపిస్తోంది. మూడు తలుపుల బీరువా ఉన్న మా ఇంట్లో ఆ చీర అక్కరలేనిదయింది. నెత్తిన మూట మోసే ఆమెకు అదెందుకు పనికొస్తుందో తాకగానే తెలిసిపోయింది.

మీ బీరువా అడుగున ఎవరి చీర ఉంది? నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు... ముందు మీ ఇంట్లో పిల్లలకు చెప్పండి.